స్తనాకృతికి తగిన బ్రా: పొందికను నిర్ణయించే విధానం

పరిమాణం, ఆకృతి అనే రెండు మాటలను నిత్యవ్యవహారంలో మనం ఒకదాని చోట ఒకటి వాడుతుంటాం గాని, శాస్త్రదృష్టిలో అవి రెండు వేరు గుణాలు. ఒక వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో చెప్పేది పరిమాణం. ఆ చోటును ఏ తీరున ఆక్రమిస్తుందో చెప్పేది ఆకృతి. శేరు బియ్యం చెంబులో పోసినా, పళ్లెంలో పరిచినా శేరే; అయినా చెంబు మీది మూత పళ్లేనికి సరిపోదు. మదనపల్లెలోగాని, పుంగనూరులోగాని, కుప్పంలోగాని బ్రా కొనడానికి దుకాణానికి వెళ్లిన స్త్రీకి ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఎంత సైజు కావాలక్కా?" ఆమె 34 అనో 36 అనో చెబుతుంది, అట్టపెట్టె చేతికి వస్తుంది, బేరం ముగుస్తుంది. ఆ అంకె పరిమాణంలో ఒక భాగాన్ని మాత్రమే చెబుతుంది, ఆకృతిని గురించి ఏమీ చెప్పదు. అందుకే సరైన అంకె చెప్పి కొన్న బ్రా కూడా ఎన్నోసార్లు గుచ్చుకుంటుంది, జారుతుంది, పైన లొత్తపడుతుంది. ధరించిన స్త్రీ మాత్రం లోపం తన శరీరంలో ఉందనుకుంటుంది. లోపం శరీరంలో లేదని, అది ఆకృతికీ కోతకూ మధ్య కుదరని పొత్తులో ఉందని, ఆ పొత్తును ఎవరికి వారు పరీక్షించుకోవచ్చునని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఈ వస్త్రం పేరును గురించి కొంత చెప్పాలి. మన ఊళ్లలో పెద్దవారు దీన్ని బాడీ అంటారు, కొందరు లోపలి జాకెట్టు అంటారు, చదువుకునే పిల్లలు బ్రా అంటారు. రొమ్మును కప్పే కుట్టిన వస్త్రానికి సంస్కృతంలో కూర్పాసకం, కంచుకం అనే పేర్లున్నాయి. ఆ కూర్పాసమే తెలుగులో కుప్పసమై పాత నిఘంటువుల్లో నిలిచింది. ఇన్ని పేర్లున్న వస్తువును గురించి బహిరంగంగా మాట్లాడటానికి మాత్రం మనకు బిడియం. కళ్లద్దాలకు కంటిచూపును, చెప్పులకు పాదాన్ని కొలిపించుకునే మనం, రోజుకు పన్నెండు గంటలు ఒంటిని అంటిపెట్టుకొని ఉండే వస్త్రానికి కొలత అడగడానికి సిగ్గుపడటం సమంజసం కాదు.

ఇక నిర్వచనం. స్తనం అంటే ఉరఃపంజరం ముందుభాగాన, అడ్డంగా ఉరోస్థి అంచు నుండి చంక మధ్యరేఖ వరకు, నిలువుగా సుమారు రెండవ పక్కటెముక నుండి ఆరవ పక్కటెముక వరకు వ్యాపించి, బృహదురః కండరం మీద ఆని ఉండే గ్రంథిమయ అవయవం. దీనిలో పాలను తయారుచేసే గ్రంథిఖండాలు సాధారణంగా 15 నుండి 20 వరకు ఉంటాయి. వాటి నడుమ, వాటి చుట్టూ కొవ్వు నిండి ఉంటుంది. ఈ అవయవం చంక వైపుగా ఒక కొసను సాచి ఉంటుంది. దానికి స్కాట్లండు శస్త్రవైద్యుడు జేమ్స్ స్పెన్సు పేరు పెట్టారు. చాలామంది స్త్రీలు చంక దగ్గర కనబడే ఈ ఉబ్బును ఒంటి కొవ్వుగా భావించి బ్రా బయట వదిలేస్తారు. నిజానికి అది స్తనంలో భాగమే, కప్పు లోపలే ఉండవలసినది.

స్తనంలో దాన్ని పైకి లేపి నిలిపే కండరం ఏదీ లేదు. చర్మాన్నీ లోపలి పొరలనూ కలిపే సన్నని సంధానతంతువులు, పైన కప్పిన చర్మం, ఈ రెండే దానికి సహజమైన ఆధారాలు. ఈ తంతువులను 1840లో తన గ్రంథంలో విశదంగా వర్ణించినవాడు ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్; అందుచేత అవి కూపర్ బంధకాలని ప్రసిద్ధి పొందాయి. వయస్సు, గర్భధారణ, బరువులో హెచ్చుతగ్గులు, గురుత్వాకర్షణ, వీటన్నిటి వల్ల ఈ బంధకాలూ చర్మమూ సాగుతాయి. ముట్లుడిగాక గ్రంథిభాగం తగ్గి, కొవ్వు పాలు హెచ్చి, స్తనం మరింత మెత్తబడుతుంది. కాబట్టి ఇరవయ్యో ఏట పొందిన కొలత నలభయ్యో ఏట చెల్లదు. ఇద్దరు బిడ్డలకు పాలిచ్చిన తల్లి పెళ్లినాటి సైజునే అడిగి కొనుక్కోవడం, తన శరీర చరిత్రను తానే పరిగణనలోకి తీసుకోకపోవడం అవుతుంది.

స్తనాకృతిని నిర్ణయించే లక్షణాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది స్తనమూలం: అంటే స్తనం ఛాతీగోడను అంటుకొని ఉండే ఆధారరేఖ. అది వెడల్పుగా చంక దాకా పరుచుకొని ఉండవచ్చు, లేదా ఇరుకుగా ఛాతీ ముందుభాగానికే పరిమితమై ఉండవచ్చు. రెండవది ఉత్సేధం: ఛాతీగోడ నుండి స్తనం ఎంత ముందుకు చొచ్చుకు వచ్చిందో తెలిపే దూరం. మూడవది పూర్ణతాస్థానం: నిండుదనం చనుమొనకు పైభాగాన ఎక్కువా, కిందిభాగాన ఎక్కువా, రెండింటా సమానమా, లేక బయటివైపున ఎక్కువా అన్న విషయం. నాలుగవది అవలంబనం, అంటే స్తనం కిందికి వాలిన తీరు. ఈ నాలుగింటికి తోడు రెండు స్తనాల నడుమ ఎడం ఎంత, రెండూ సమానంగా ఉన్నాయా అనే ప్రశ్నలు కూడా చేరుతాయి. రెండు స్తనాలూ అచ్చంగా ఒకే తీరున ఉండటం అరుదు. చిన్నపాటి తేడా దాదాపు అందరిలోనూ ఉంటుంది, అది రోగం కాదు.

అవలంబనాన్ని వైద్యులు చక్కగా వర్గీకరించారు. స్తనం కింది అంచు ఛాతీని కలిసేచోట ఏర్పడే ముడతను అధఃస్తన వళి అందాం. 1976లో ప్లాస్టిక్ శస్త్రవైద్యురాలు పోల్ రెన్యో ప్రతిపాదించిన పద్ధతిలో, చనుమొన ఆ వళికి సమానమైన ఎత్తులో ఉంటే ప్రథమ శ్రేణి. వళి కంటే దిగువకు వచ్చి, స్తనపు అట్టడుగు అంచు కంటే పైన ఉంటే ద్వితీయ శ్రేణి. అట్టడుగు అంచుకే చేరి నేలవైపు చూస్తుంటే తృతీయ శ్రేణి. చనుమొన వళికి పైనే ఉండి కిందిభాగం మాత్రమే దిగజారితే దాన్ని మిథ్యావలంబనం అంటారు. ఇది శస్త్రచికిత్సకై ఏర్పడిన వర్గీకరణ. అయినా అద్దం ముందు నిలబడి అధఃస్తన వళిని వేలితో తడిమి చూసుకొని, తన శ్రేణి ఏదో ఎవరైనా గుర్తించవచ్చు. శ్రేణి పెరిగిన కొద్దీ కప్పు ఎంత లోతుగా, ఎంత నిండుగా ఉండాలో ఆ గుర్తింపే చెబుతుంది. శ్రేణి పెరగడం అందం తరగడం అని అనుకునేవారికి ఒక మాట: ఇది ఎత్తును కొలిచే పద్ధతే గాని విలువ కట్టే పద్ధతి కాదు.

పూర్ణతాస్థానాన్ని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. నడుము వంచి, వీపు నేలకు సమాంతరంగా ఉండేటట్లు వంగి, పక్కనున్న అద్దంలో చూసుకోవాలి. చనుమొన మీదుగా ఒక గీత ఊహించుకొని, దానికి మెడవైపు ఎక్కువ నిండుగా ఉందో, పొట్టవైపు ఎక్కువ నిండుగా ఉందో గమనించాలి. నిలబడినప్పుడు గురుత్వాకర్షణ అందరి స్తనాలనూ కిందికి లాగి, అందరినీ కింది నిండుదనం గలవారిగా చూపిస్తుంది. వంగినప్పుడు ఆ భ్రాంతి తొలగుతుంది.

ఆకృతి వేరైతే ఒకే పరిమాణం గల రెండు స్తనాలకు ఒకే కప్పు ఎందుకు కుదరదో గణితం తేటగా చెబుతుంది. స్తనాన్ని సగానికి కోసిన దీర్ఘగోళంగా భావిద్దాం. దాని ఘనపరిమాణం ఆధార వైశాల్యాన్ని ఎత్తుతో గుణించగా వచ్చినదానిలో మూడింట రెండు వంతులు. ఒక స్త్రీకి మూలం వెడల్పు 15 సెంటీమీటర్లు, ఉత్సేధం 4 సెంటీమీటర్లు అనుకుందాం. ఘనపరిమాణం సుమారు 471 ఘన సెంటీమీటర్లు. మరొక స్త్రీకి మూలం వెడల్పు 12 సెంటీమీటర్లు, ఉత్సేధం 6.25 సెంటీమీటర్లు అనుకుందాం. లెక్కిస్తే ఆమెకూ అదే 471. ఇద్దరి స్తనాల బరువూ దాదాపు సమానమే. కాని మొదటి ఆమెది పళ్లెం, రెండవ ఆమెది చెంబు. మొదటి ఆమె కప్పును రెండవ ఆమె తొడిగితే లోతు చాలక స్తనం కప్పు అడుగుకు చేరదు. రెండవ ఆమెది మొదటి ఆమె తొడిగితే మొన ఖాళీగా మిగిలి, పక్కభాగం చంక వైపు తీగ కిందికి పోతుంది. ఈ ఇద్దరికీ ఒకే అంకె, ఒకే అక్షరం ఇచ్చే కొలపద్ధతి అసత్యం కాదు గాని అసంపూర్ణం.

ఇప్పుడు వస్త్రం వైపు రావాలి. చదునైన గుడ్డను మడత గాని, సాగుడు గాని, కోత గాని లేకుండా గోళాకారం మీద పరచడం అసాధ్యం. జర్మన్ గణితవేత్త గౌస్ 1827లో నిరూపించిన వక్రతా సిద్ధాంతం సారం ఇదే: ఒక తలాన్ని సాగదీయకుండా ఎంత వంచినా దాని స్వాభావిక వక్రత మారదు, చదునైనదానికి వక్రత శూన్యం, గోళానికి శూన్యం కాదు. గౌస్ పేరు వినని మదనపల్లె దర్జీలకు ఈ సూత్రం చేతుల్లోనే ఉంది. రవిక ముందుభాగంలో వారు పట్టే డాటు, కొందరు టక్కు అనేది, సరిగ్గా చదునైన గుడ్డకు వక్రతను ఇచ్చే ఉపాయమే. డాటు ఎంత వెడల్పుగా పడితే అంత లోతు. డాటు కొస ఎక్కడ ఆగితే అక్కడ శిఖరం. మూడు డాట్ల జాకెట్టు ఒకరికి కుదిరితే మరొకరికి నాలుగు డాట్లు కావాలి. ఇంకొకరికి కప్పును వేరే ముక్కగా కోసి కలిపే కటోరీ జాకెట్టు కావాలి. నూలు ఏటవాలుగా వచ్చేటట్లు గుడ్డను కోసే క్రాస్ కట్‌లో, నేతలో దాగిన సాగే గుణాన్ని దర్జీ వాడుకుంటాడు.

మంచి దర్జీ టేపు అంకెతో తృప్తిపడడు, "ఆది జాకెట్టు తెచ్చినావా?" అని అడుగుతాడు. ఒంటికి కుదిరిన పాత రవికను నమూనాగా పెట్టుకొని కొత్తది కోస్తాడు. ఆది జాకెట్టులో కొలతలే కాదు, ఆకృతి కూడా దాగి ఉందని అతనికి తెలుసు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద నేసిన పట్టుచీర కట్టే స్త్రీ, దాని మీదికి రవిక కుట్టించుకోవడానికి రెండుసార్లు దర్జీ దగ్గరకు తిరిగి, డాటు కొస అంగుళం పక్కకు జరిపించుకుంటుంది. ఆ రవిక లోపల ధరించేదాన్ని మాత్రం అంకె చెప్పి పెట్టెలో తెచ్చుకుంటుంది. నా దృష్టిలో మన సమాజంలో ఈ విషయమై ఉన్న జ్ఞానమంతా పై పొరలోనే ఆగిపోయింది, లోపలి పొరకు చేరలేదు.

బ్రాకు గల అంగాలు ఇవి: ఛాతీ చుట్టూ తిరిగే కింది పట్టీ, రెండు కప్పులు, కప్పుల నడుమ ఉరోస్థి మీద ఆనే నడిమి సంధి, కొన్నింటిలో కప్పు అంచున స్తనమూలాన్ని అనుసరించే తీగ, భుజపట్టీలు, వెనుక కొక్కేలు. బరువులో అధికభాగాన్ని మోయవలసింది కింది పట్టీయే గాని భుజపట్టీలు కావు. పట్టీ వదులైతే ఆ భారం భుజాల మీదికి మారుతుంది. భుజాల మీద గాడి పడటం, మెడ నొప్పి రావడం దాని ఫలితాలు. ఆధునిక బ్రాకు 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందింది. అందులో కప్పుల పరిమాణానికి కొలత ఏదీ లేదు. ఏ, బి, సి, డి అనే అక్షరాలు 1930ల్లో వచ్చి చేరాయి. అంటే ఈ కొలపద్ధతికి నిండా వంద ఏళ్లు లేవు, ఆకృతిని చెప్పే అక్షరం దానికి ఈనాటికీ లేదు.

కొలత తీసుకునే విధానాన్ని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. స్తనాల కింద, ఊపిరి వదిలి, టేపును బిగువుగా అంగుళాల్లో కొలిస్తే పట్టీ కొలత. నిండైన భాగం మీదుగా వదులుగా కొలిస్తే వక్షపు కొలత. రెండింటి తేడా ఒక అంగుళమైతే ఏ, రెండైతే బి, మూడైతే సి, నాలుగైతే డి, అయిదైతే డిడి. వాలిన స్తనాలు గలవారు వంగి కూడా ఒకసారి కొలుచుకొని, నిలబడి తీసిన కొలతతో కలిపి సగటు చూసుకోవడం మేలు. అయితే ఒక పాత అలవాటు ఇంకా పోలేదు: కింది కొలతకు నాలుగు అంగుళాలు కలిపి పట్టీ సైజు చెప్పడం. కింద 30, పైన 35 ఉన్న స్త్రీకి ఆ పద్ధతి 34ఏ ఇస్తుంది. కలపకుండా చూస్తే ఆమెది 30డిడి. పట్టీని పెద్దదిగా, కప్పును చిన్నదిగా చూపే ఈ దోషాన్నే బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వైట్, స్కర్ 2012లో ప్రయోగపూర్వకంగా చూపారు: సంప్రదాయ టేపు పద్ధతి చాలామందిలో పట్టీని ఎక్కువగా, కప్పును తక్కువగా అంచనా వేస్తుంది. కాబట్టి టేపు తొలి అంచనాకు మాత్రమే. తుది తీర్పు తొడిగి చూసిన పొందికదే. కప్పు అక్షరం పట్టీతో ముడిపడి ఉందని కూడా గుర్తుంచుకోవాలి: 34బి, 32సి, 36ఏ అనే మూడింటి కప్పులు పరిమాణంలో దాదాపు సమానం. దుకాణంలో 34బి లేకపోతే 36బి తీసుకోవడం అందుకే పొరపాటు. పట్టీతోపాటు కప్పు కూడా పెరిగిపోతుంది.

తొడిగే తీరులోనే చాలామంది పొరబడతారు. ముందుకు వంగి, స్తనాలను కప్పుల్లోకి దించి, కొక్కేలు పెట్టి, ఆపై చంక వైపున్న కొసను చేతితో ముందుకు తెచ్చి కప్పులో సర్దాలి. కొత్త బ్రాను అన్నిటికంటే వదులుగా ఉండే కొక్కెం వరుసలో పెట్టినప్పుడే సరిగ్గా ఉండాలి. ఎలాస్టిక్ సాగిన కొద్దీ లోపలి వరుసలకు జరపవచ్చు. పట్టీ వెనుక వీపు మీద నేలకు సమాంతరంగా ఉండాలి, చేతులు ఎత్తినా పైకి జరగరాదు. ఇంతవరకు పరిమాణ పరీక్ష. అసలైన ఆకృతి పరీక్ష ఇక్కడి నుండి మొదలవుతుంది.

కప్పు పైభాగంలో ఖాళీ కనబడగానే "కప్పు పెద్దదయింది, చిన్నది తీసుకుందాం" అనుకోవడం సర్వసాధారణం. ఈ ఒక్క నిర్ణయం వల్ల జరిగినన్ని తప్పులు మిగిలిన కారణాలన్నిటి వల్లా జరిగి ఉండవని నేను భావిస్తాను. పైన ఖాళీకి కారణాలు మూడు ఉండవచ్చు. నిజంగానే కప్పు పెద్దదై ఉండవచ్చు. అప్పుడు గుడ్డ అంతటా ముడతలు పడతాయి, తీగ లేదా కింది కుట్టు మాత్రం అధఃస్తన వళిలో కుదురుగా ఉంటుంది. రెండవది, ఉత్సేధం ఎక్కువగా ఉన్న స్తనం లోతు లేని కప్పులో పడటం. అప్పుడు స్తనం కప్పు అడుగుకు చేరలేక, కప్పునే ముందుకు నెడుతుంది. తీగ వళి నుండి కిందికి జారి పక్కటెముకల మీద కూర్చుంటుంది. నడిమి సంధి ఛాతీకి ఆనక తేలుతుంది. పై అంచు ఒంటిని వదిలి నోరు తెరుస్తుంది. చిన్నదైన కప్పు పెద్దదిగా కనబడే సందర్భం ఇదే. ఇక్కడ ఇంకా చిన్నది తీసుకుంటే బాధ రెట్టింపవుతుంది. కావలసింది కింది భాగంలో లోతు గల, కుట్లతో రెండు మూడు ముక్కలు కలిపిన కప్పు. మూడవది, కింది నిండుదనం గల స్తనం పైదాకా మూసే పూర్తి కప్పులో పడటం. తీగ సరిగ్గానే ఉంటుంది, కిందిభాగం నిండే ఉంటుంది, పై ముక్క మాత్రం నింపేది లేక వదులుగా నిలుస్తుంది. దీనికి సైజు మార్చనక్కరలేదు, కోత మార్చాలి. పై అంచు తక్కువ ఎత్తులో ఆగే అర్ధకప్పు, లేదా మధ్యకు ఏటవాలుగా దిగే కప్పు, లేదా పైముక్క సాగే లేసుతో చేసినది సరిపోతుంది. మూడు సందర్భాల్లోనూ కనబడే చిహ్నం ఒకటే, కారణాలు వేరు. వాటిని విడదీసి చెప్పే సాక్షి తీగ. తీగ ఎక్కడ కూర్చుందో చూడకుండా పైన ఖాళీని గురించి తీర్పు చెప్పకూడదు.

మన ప్రాంతంలో ఎక్కువమంది ధరించేది తీగ లేని కాటన్ బ్రా. అందులో తీగ చేసే పనిని కప్పు కింది అంచు కుట్టు చేస్తుంది. పై పరీక్షలన్నీ ఆ కుట్టును చూసి చేసుకోవచ్చు.

మిగిలిన చిహ్నాలను ఇంత విస్తరించనక్కరలేదు. కప్పు మొన ఖాళీగా నొక్కుకుపోయి, చంక వైపు మాత్రం పొంగుతుంటే, వెడల్పైన మూలం, తక్కువ ఉత్సేధం గల స్తనానికి ఇరుకైన లోతు కప్పు దొరికిందని అర్థం. ఈ ఆకృతికి వెడల్పైన, లోతు తక్కువైన, వేడితో అచ్చుపోసిన కప్పులు బాగా కుదురుతాయి. అచ్చుపోసిన నురుగు కప్పు తన ఆకృతిని మార్చుకోదు. ఆకృతి కలిసినవారికి అది హాయి, కలవనివారికి ఎన్నటికీ కుదరనిది. పై అంచు స్తనాన్ని కోస్తున్నట్లుండి, రవిక మీది నుండి నాలుగు గుట్టలుగా కనబడితే, కప్పు చిన్నదై ఉండాలి, లేదా పై నిండుదనం గలవారు మూసిన అంచు గల కప్పు తొడిగి ఉండాలి. స్తనాల నడుమ ఎడం తక్కువగా ఉన్నవారికి వెడల్పైన నడిమి సంధి స్తనం మీదికే ఎక్కి నొక్కుతుంది. వారికి సన్నని, పొట్టి సంధి గల కోత కావాలి. తీగ చంకలో గుచ్చుకుంటే మూలం కంటే తీగ వెడల్పుగా ఉందన్నమాట. రెండు స్తనాలు తేడాగా ఉంటే పెద్దదానికి సరిపోయే కప్పు తీసుకొని, చిన్నవైపు పలుచని ప్యాడ్ పెట్టుకోవాలే గాని, చిన్నదానికి సరిపెట్టి పెద్దదాన్ని నొక్కకూడదు.

పొందికను నిలబడి మాత్రమే చూడటం చాలదు. ధరించే స్త్రీ చేసే పని ఏదో దానిలో చూడాలి. మగ్గం ముందు రోజంతా ముందుకు వంగే నేతగత్తెకు, టమాటా తోటలో నడుము వంచి కాయలు కోసే కూలిమనిషికి మధ్యకు దిగే కోత పనికిరాదు. వంగిన ప్రతిసారీ స్తనం బయటికి జారుతుంది. వారికి పూర్తి కప్పు, వెడల్పైన పట్టీ, గాలి ఆడే నూలు గుడ్డ కావాలి. చెమట నిలిచిన అధఃస్తన వళిలో చర్మం ఒరుసుకుపోయి, శిలీంధ్రాలు చేరి, ఎర్రని దద్దురు రావడం వేసవిలో తరచుగా జరుగుతుంది. పట్టీ వళిలో ఆనకుండా కిందికి జారడం దీన్ని పెంచుతుంది, పొడి గుడ్డ, సరైన పొందిక దీన్ని తగ్గిస్తాయి.

పరుగు, కొండ ఎక్కడం, దిగడం వేరే సమస్య. పరిగెత్తేటప్పుడు స్తనం కేవలం పైకీ కిందికీ ఊగదు. పక్కలకు, ముందువెనుకలకు కూడా కదులుతూ ఎనిమిది అంకె వంటి దారిలో తిరుగుతుందని పోర్ట్స్‌మత్ పరిశోధకులు చూపారు. ఆస్ట్రేలియాలోని వొలంగాంగ్ విశ్వవిద్యాలయంలో మెగీ, స్టీల్ అనే పరిశోధకులు కూడా ఈ రంగంలో విశేష కృషి చేశారు. ఆటల బ్రాలు రెండు విధాలు: రెండు స్తనాలనూ కలిపి ఛాతీకి అదిమేవి, ఒక్కొక్కదాన్నీ వేరు కప్పులో పొదిగి పట్టేవి. చిన్న స్తనాలకు మొదటి రకం చాలు. పెద్ద స్తనాలకు రెండవదో, రెండూ కలిసినదో అవసరం.  మదనపల్లె దగ్గరి హార్స్లీ కొండ మీద, 1,200 మీటర్లకు పైబడిన ఎత్తు నుండి కాలిబాటన దిగే అమ్మాయి ప్రతి అడుగులో ఎక్కేటప్పటి కంటే ఎక్కువ అదురును భరిస్తుంది. కొండ చూడటానికి పిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయినులు బూట్లను గురించి చెప్పినట్లే దీన్ని గురించి కూడా చెప్పాలని నా మనవి. ఆటల పీరియడులో వెనుక వరుసలో నిలబడిపోయే ఆడపిల్లలు కొందరికి నిజమైన అడ్డంకి ఇదే.

ఆరోగ్యాన్ని గురించి రెండు మాటలు. బ్రా ధరిస్తే రొమ్ము క్యాన్సర్ వస్తుందన్న ప్రచారానికి ఆధారం లేదు. అమెరికాలోని సియాటిల్‌లో ఫ్రెడ్ హచిన్సన్ పరిశోధన కేంద్రం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ముట్లుడిగిన స్త్రీలలో ఈ రెండింటికీ సంబంధం కనబడలేదు. బ్రా ధరించినంత మాత్రాన స్తనం వాలకుండా ఆగదు కూడా. పాలిచ్చే తల్లులు మాత్రం బిగుతు బ్రాను మానాలి. పాలనాళాలు అదుముకొని పాలు గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఇక పొందిక పరీక్షకై అద్దం ముందు నిలబడినవారు మరొకటి గమనించాలి: ఎప్పటి నుండో ఉన్న తేడా సహజం, కొత్తగా వచ్చిన తేడా సహజం కాదు. ఒకవైపు గడ్డ తగలడం, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడటం, చనుమొన లోపలికి ముడుచుకోవడం, దాని నుండి రక్తం కారడం, వీటిలో ఏది కనిపించినా బ్రా మార్చడం కాదు, ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు వెళ్లాలి.

దుకాణదారులకు కూడా ఒక విన్నపం ఉంది. మన రాష్ట్రంలోనే అచ్యుతాపురం బ్రాండిక్స్ దుస్తుల నగరంలో వేలాది తెలుగు స్త్రీలు విదేశీ సంతలకు లోదుస్తులు కుడుతున్నారు. నేర్పు మనకు కొత్త కాదు. భారతీయుల శరీరాలకు తగిన కొలతల పట్టికను తయారుచేయడానికి జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ ఇండియాసైజ్ అనే సర్వేను చేపట్టి, హైదరాబాదు, బెంగళూరులతో సహా ఆరు నగరాల్లో 25,000 మందికి పైగా ప్రజలను కొలవాలని సంకల్పించింది. ఆ సర్వే సంగతి ఎలా ఉన్నా, చిన్న ఊరి దుకాణం చేయగలిగినవి ఉన్నాయి: తొడిగి చూసుకోవడానికి ఒక తెర, ఒక అద్దం, కొలిచి చెప్పగల ఒక ఆడమనిషి, ఒకే సైజులో కనీసం రెండు మూడు రకాల కోతలు. పెట్టె విప్పి తొడిగి చూసినది వెనక్కు తీసుకోము అనే మాట గోడ మీద ఉన్నంతకాలం, పొందిక అనే మాటకు ఆ దుకాణంలో చోటు లేనట్లే.

తల్లులారా, ఈసారి కూతురికి మొదటి బ్రా కొనబోయే ముందు దుకాణానికి వెళ్లడానికి తొందరపడకండి. ఇంట్లో తలుపు వేసి, టేపు తీసి, ఇద్దరూ కొలుచుకోండి; వంగి అద్దంలో చూసుకోవడం ఆమెకు నేర్పండి; మీ ఒంటికి ఎన్నడూ కుదరని పాత బ్రాను ఆమె ముందు పెట్టి, తీగ ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ కూర్చుందో చూపించండి. కుదిరినది దొరికిన నాడు, ఆది జాకెట్టును దాచుకున్నట్లే దాని పేరు, కోత, సైజు ఒక కాగితం మీద రాసి బీరువాలో దాచుకోండి.